అద్దకం గుంటలో చిలకపచ్చ

1982లో నేను హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. సుబేదారిలో అద్దెకుండేదాన్ని. ఆ ఎండాకాలం వరంగల్‌లోని ఒక మగ్గాల వాడలో పిల్లలకు వరసగా కామెర్లు వచ్చాయి, అక్కడి మాటలో పసిరికలు. వాడంతటికీ ఒకటే మంచినీళ్ల బావి. దాని పక్కనే రాజయ్య నూలుకు రంగులద్దే షెడ్డు. ఇంకేం, తప్పంతా ఆయన రంగునీళ్లదే అనేశారు. షెడ్డులో ఆయన వేయించుకున్న బోరింగు నీళ్లు కూడా ఎవరూ ముట్టేవారు కాదు. అద్దకంలో వాడిన నీళ్లు వదిలే గుంట బావిలోకి ఊరుతున్నట్టు తేలితే షెడ్డు మూయిస్తామని మున్సిపాలిటీ వాళ్లు చెప్పి వెళ్లారు.

సంగతి విని నేను వాడకు వెళ్లి, కామెర్లు రంగునీళ్లతో రావు, మరుగుదొడ్డి నీళ్లు కలిస్తే వస్తాయని చెప్పి చూశాను. వినేవాళ్లేరీ? అందరికంటే గట్టిగా అరిచింది లచ్చవ్వ. ఆమె మనవడు అప్పటికి దవాఖానలో ఉన్నాడు.

"మాటలెందుకు మేడం? గుంట ఊరుతాందా లేదా, అది జూపెట్టు" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ అడగడం నాకు నచ్చింది. నీళ్లు కాచి తాగమని చెప్పి కాలేజీకి వచ్చేశాను.

అలా చూపించాలంటే ఫ్లోరెసీన్ అనే రంగు కావాలి. చిటికెడు కలిపితే చాలు, నీళ్లు ఎండలో తమంతట తామే వెలుగుతున్నట్టు చిలకపచ్చగా మెరుస్తాయి. దీన్నే ఫ్లోరెసెన్స్ అంటాం. ఆ మోతాదులో మనుషులకు హాని లేదు. అనుమానమున్న చోట పోస్తే నీళ్లు ఎటు పోతే రంగూ అటే పోతుంది. హైదరాబాద్ నుంచి తెప్పించే ఓపిక లేక ల్యాబులోనే చేశాను. రిసార్సినాల్, థాలిక్ అన్‌హైడ్రైడ్ అని రెండు పొడులు, ఏ కాలేజీ బీరువాలోనైనా ఉండేవే. వాటికి కాస్త సల్ఫ్యూరిక్ యాసిడ్ చేర్చి, కాగే నూనెలో గొట్టాన్ని నిలిపి వేడిచేస్తే మాడిన బెల్లంపాకంలా గట్టిపడుతుంది. చూస్తే పారబోయాలనిపిస్తుంది. దాన్నే కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే ఆ చిలకపచ్చ వెలుగు, అబ్బ, ఎన్నిసార్లు చేసినా నాకు సంబరమే. ఇప్పటి పిల్లలు నిమ్మ ఉప్పూ యూరియా కలిపి వేడిచేసి, కంటికి ఆనని కార్బన్ నలుసులతో అలాంటి వెలుగే తెప్పిస్తున్నారు. మాడిన ముద్దలోంచి వెలుగు రావడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

సీసా పట్టుకుని వాడకు వెళ్లాను. జనం మూగారు. చెంబుడు నీళ్లలో చుక్క వేసి చూపిస్తే లచ్చవ్వ కూడా నోరు వెళ్లబెట్టింది. సీసాను గుంటలోకి వంచబోతుంటే రాజయ్యే అడ్డం వచ్చాడు.

"జర ఆగుండ్రి మేడం. నిన్ననే నూలు తెల్లగ జేసిన. బ్లీచింగ్ నీళ్లన్నీ గిండ్లనే ఉన్నయి. మీ రంగును అది తింటదేమో."

గుంట నీళ్లు గ్లాసులో పట్టి చుక్క వేశాను. మెరుపు చూస్తుండగానే ఆరిపోయింది. ఆయన ఆపకపోతే రంగు గుంటలోనే విరిగిపోయేది. గుంట ఊరుతున్నా సరే బావిలో ఏమీ కనబడేది కాదు, ఆయన షెడ్డు ఆయనకు మిగిలేది.

లచ్చవ్వకూ అది అర్థమైంది. "సప్పుడు జెయ్యకుంటే బయటపడేటోనివి గదా రాజయ్యా?"

"నేను బయటపడ్త. రేపు ఇంకో పోరికి పసిరికలైతే ఎవ్వల మొకం సూడాలె అక్కా?"

ఆయన పని ఆపేసి గుంట తోడించాడు, కడిగించాడు, బోరింగు నీళ్లతో నింపాడు. మళ్లీ గ్లాసులో పరీక్షించి, మెరుపు నిలుస్తుందని తేలాకే రంగు పోశాను. పొద్దున్నే వెళ్లి బావి నీళ్లు ఎండకు పట్టి చూసేదాన్ని. వారం దాటినా బావి మారలేదు.

"ఇప్పుడు మా దొడ్లె పొయ్యి మేడం" అంది లచ్చవ్వ. బావికి అవతల ఆమె కొడుకు కొత్తగా మరుగుదొడ్డి గుంట తవ్వించాడు. నా అనుమానం మొదటినుంచీ దానిమీదే. కానీ మనవడు మంచం మీదున్న మనిషితో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆమే అడిగింది, అదీ వాడంతా వింటుండగా. ఆ గుంటలోనూ రంగు పోశాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆమే చేద తోడింది. నీళ్లు చిలకపచ్చగా మెరిశాయి. తొంగి చూస్తే ఆమె దొడ్డి వైపు గోడలోంచే ఆ పచ్చటి ఊట దిగుతోంది.

"నా మనుమనికి నేనే తాపిన" అని గట్టుమీద కూలబడింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"తెల్వక జేసినవక్కా. పోరడు మంచిగైతాండు గద, ఫికర్ జెయ్యకు. లే, బిందె తెచ్చుకో" అన్నాడు రాజయ్య. మరుగుదొడ్డి గుంట పూడ్పించి బావి శుభ్రం చేసేదాకా వాడంతా ఆయన బోరింగు నీళ్లే తాగింది. మొదటి బిందె లచ్చవ్వది. బోరింగు కొట్టింది రాజయ్య. పిల్లాడు కోలుకుని ఇంటికొచ్చాక ఆమె వాణ్ని మా కాలేజీకి తీసుకొచ్చి చూపించి వెళ్లింది.

రిటైరయ్యేదాకా ఏటా ఆ ప్రయోగం చేయించాను. రంగు మెరవగానే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. అప్పుడు గ్లాసులో చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి ఆ మెరుపును ఆర్పి చూపించేదాన్ని. మనకు నచ్చిన జవాబు వచ్చినప్పుడే గుంటలో ఇంకేముందో అడగాలని చెప్పేదాన్ని. అది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. షెడ్డు పోతుందని తెలిసీ నా చెయ్యి పట్టి ఆపిన రాజయ్య నేర్పాడు, తన దొడ్డి తానే చూపించిన లచ్చవ్వ నేర్పింది. వాళ్లిద్దరికీ చేతులెత్తి దండం పెట్టకుండా ఆ పాఠం ఏనాడూ ముగించలేదు.