మూడెండల మునిచంద్ర

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మునిగిరి వాణిజ్య సముదాయ నిర్వాహక సంఘం వారు, నోటీసు ఇవ్వకుండా, మునిచంద్ర రిపేరు దుకాణం ముందున్న నులకమంచాన్ని ఎత్తుకెళ్లి జనరేటరు గదిలో పెట్టి తాళం వేశారు. మంచం మీద తడిసి ఆరుతున్న పదకొండు సర్క్యూట్ బోర్డులున్నాయి. సముదాయం అందం చెడుతోందన్నది నోటితో చెప్పిన కారణం. కాగితం మీద ఏ కారణమూ లేదు.

మునిచంద్రకు ఒకటే పట్టుదల. తడిసిన బోర్డుకు మూడెండలు కాయనిదే కరెంటు ఇవ్వడు. మూడు రోజులు కాదు, మూడెండలు. మబ్బు పట్టిన రోజు లెక్కలోకి రాదు. ఒక కార్తీకంలో తిరుపతికి ముసురు పట్టి, మూడెండలు పూర్తయ్యేసరికి పద్దెనిమిది రోజులు గడిచాయి.

మొన్న శనివారం దేవకమ్మ చెవి మిషను బట్టల బకెట్లో మునిగింది. మనవరాలు అమల దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి పరుగున తెచ్చింది.

“తలంబ్రాలు పోసినావే! పెండ్లి ఎవురితో?” అన్నాడు మునిచంద్ర. బ్యాటరీ తీసి, చంటిపిల్లల బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి, గోరంత బోర్డు మీది పచ్చటి చిలుమును పాలపళ్లు తోమినంత సుతారంగా తోమాడు. “మూడెండలు.”

“ఒక్కసారి స్విచ్ వేసి సూడన్నా!”

“తడి మీద వేస్తే కాలిపోతాది. జరం తగ్గకముందే బిర్యానీ తింటావా నువ్వు?”

“తింటా.”

“అదే తేడా. దీనికి బుద్ధుండాది.”

అమల ఒళ్లు మండి వెళ్లిపోయింది.

సోమవారం సాయంత్రం అమల కుట్టుపని నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే మునిచంద్ర కేకలు వినిపించాయి. ఆయన దేవకమ్మ పక్కన స్టూలు వేసుకుని, టీవీ సీరియల్ మాటలన్నీ ఆమె చెవిలో అరిచి చెబుతున్నాడు. అత్తకు ఒక గొంతు, కోడలికి ఒక గొంతు.

“ఏమంటాందిరా ఆ కోడలు?”

“విషం కలపలేదంట అవ్వా! కానీ కలిపింది!”

“నువ్వేందన్నా ఈడ?” అంది అమల.

“మిషను నా కాడుండాది గదమ్మా. దాని పని ఎవురో ఒకరు చెయ్యాల గదా.”

అమల ఆరా తీసింది. మిక్సీ తడిసిన భారతమ్మ ఇంట్లో పొద్దున్నే చట్నీ రుబ్బేది ఆయనే. మోటారు స్టార్టరు తడిసిన ఎల్లప్ప మిద్దె మీదికి బిందెలు మోసేదీ ఆయనే. ఆ ఎండల లెక్క అందరికన్నా ఎక్కువగా ఆయన నడుముకే తెలుసు.

మంగళవారం చెవి మిషనుకు మూడో ఎండ. ఆ ఎండ కాస్తా జనరేటరు గది చెమ్మలో పోయింది. ఇవాళ శుక్రవారం. మునిచంద్ర గొంతు బొంగురుపోయింది.

“అత్తా కోడలూ ఒకే మాదిరి మాట్లాడతాండారే!” అని దేవకమ్మ ఫిర్యాదు.

నిర్వాహక సంఘం వారూ, రేపు ఎండ ఎక్కేలోగా మంచాన్నీ పదకొండు బోర్డులనూ తీసినచోటే పెట్టండి. వాటిలో దేనికీ స్విచ్ వేసి చూడకండి. మీ గది చెమ్మ తగిలినందున ఎండల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అది పూర్తయ్యేదాకా రోజూ సాయంత్రం ఆరున్నరకు మీలో ఒకరు దేవకమ్మ ఇంటికి వచ్చి సీరియల్ చెప్పాలి.

గొంతులు మార్చి చెప్పాలి.