సార్ వంగని రోజు

ఇత్తడి గరాటు మీద చినుకు పడితే ఒక శబ్దం వస్తుంది. రేకు మీద పడినట్టు గలగలమనదు, మట్టి మీద పడినంత మెత్తగానూ ఉండదు. వేలిగోటితో చెంబును తట్టినట్టు ఉంటుంది. ఉద్యోగం వదిలి ఇన్నేళ్లయినా పెరట్లో సొంతంగా వాన కొలిచే ఒక రెయిన్‌గేజి పెట్టుకున్నాను. ఈ వేకువన ఆ శబ్దం వినబడి లేచి కూర్చున్నాను. “ఇంగ ఎవురికి చెప్పల్ల ఆ లెక్క? పండుకో,” అంది నా భార్య. ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ ఆ శబ్దం వింటే ఖాదర్ సార్ గుర్తొస్తారు. గుర్తొచ్చాక నిద్ర పట్టదు.

ఉరవకొండకు అవతల ఒక మండలాఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు ఆయన నా పైఅధికారి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఆవరణలోని రెయిన్‌గేజి తెరిచి, అందులో నిలిచిన నీటిని గీతలున్న గాజు గ్లాసులో పోసి కొలవాలి. మొదటిరోజు నిలబడే చూసి అంకె చెప్పాను. ఆయన నా భుజం పట్టి కిందికి నొక్కారు. “వంగప్పా. నిలబడి చూసేటోనికి వాన ఎక్కువ కనపడతాది. నీళ్ల గీతకు నీ కన్ను సమానం కావల్ల.” తర్వాత తానూ వంగి చూశారు. ఇద్దరి అంకె కలిస్తేనే రిజిస్టర్లో రాసేవారు, అదీ తన చేత్తోనే. ఆ తర్వాతే గ్లాసులోని నీళ్లు కరివేపాకు చెట్టు మొదట్లో పోసేవారు. నాకు డైరీ అలవాటు చేసిందీ ఆయనే. “రిజిస్టర్లో అంకెకే చోటు. ఆ పొద్దు ఏం జరిగిందో రాసుకునేదానికి వేరే పుస్తకం ఉండల్ల.” ఆయన దగ్గర అలాంటి పుస్తకాలు పెట్టెడు ఉండేవి. అవి నవల కోసమని అప్పట్లో నాకు తెలియదు.

ఒక ఏడు వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఇంకొద్ది రోజులు పడకపోతే మండలం కరువు జాబితాకెక్కి, రైతులకు పరిహారం వస్తుంది. పడితే వాన లేని రోజుల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. సరిగ్గా అప్పుడు, ఒక తెల్లవారుజామున, దారి తప్పిన మబ్బు ఒకటి మా ఆఫీసు మీద కురిసి పోయింది. రోడ్డుకు అవతల దుమ్ము అలాగే ఉంది. ఆ పక్కనే చేనున్న ఓబులేసు వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. “ఏం సారూ, వానకు మీ ఆఫీసు అడ్రసొకటే ఇచ్చినారా? మా చేని అడ్రసు గూడా రాయగూడదా?” గ్లాసులో నీళ్లు పోసి నేను వంగి చూశాను.

“పదకొండు మిల్లీమీటర్లు సార్.”

“సరింగా వంగినావా?”

“వంగినా సార్.”

ఆయన గ్లాసు అందుకుని చెట్టు వైపు నడిచారు. నన్ను తపాలా పని మీద బయటికి పంపారు. ఆ ఏడు మా మండలం జాబితాకెక్కింది. ఎలాగని నేను అడగలేదు. పైవాళ్లు వచ్చి చేలు చూసి ఉంటారనుకున్నాను.

రిటైరయ్యాక ఆయన నవల అచ్చయింది. అందులో అంతా మా ఆఫీసే: తుప్పు పట్టిన గేటు, కరివేపాకు చెట్టు, పొల్లుపోకుండా ఓబులేసు మాట. జేబులో డైరీ పెట్టుకుని తిరిగే కుర్ర గుమాస్తా కూడా ఉన్నాడు. అతను గ్లాసులోని వానను చెట్టుకు పోసేసి, అధికారితో “సున్నా సార్” అంటాడు.  నా ఉద్యోగమంతటిలో ఒక్క అంకె మార్చి ఎరగను. బస్సెక్కి గోరంట్లలోని ఆయన ఇంటికి వెళ్లాను.

“సార్, నేను ఒలకబోయలేదు గదా?”

“నువ్వు ఒలకబోసినావని నేను యాడ రాసినా? ఆ పిల్లోడు ఒలకబోసినాడు.”

“ఆ పిల్లోడు నేనే గదా సార్?”

“వాని డైరీ నీది, నడక నీది. చెయ్యి ఇంకొకరిది.”

“ఎవురిది సార్?”

“నీకు చెప్తే డైరీలో ఎక్కిస్తావప్పా!” అని నవ్వి, లోపలికి టీ చెప్పారు.

ఆయన పోయాక పాత డైరీలు తీశాను. ఆ తేదీ కింద పదకొండు అని ఉంది. దాని కింద నా చేతిరాతలోనే ఒక వాక్యం: ‘ఈ రోజు సార్ వంగలేదు.’ రాసినవాణ్ణి నేనే. అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఒలకబోసింది ఆయనే. రిజిస్టర్లో సున్నా రాసిందీ ఆయనే అయ్యుండాలి. కానీ నవలలో ఆ పనిని నా చేతిలో ఎందుకు పెట్టారు? దాచుకోవడానికా? నాకు బహుమానంగానా? నువ్వు చేయవలసిందని చెప్పడానికా? వంగి చూడమని నేర్పిన మనిషి, వంగకూడని రోజు కూడా ఒకటి వస్తుందని ఎందుకు నేర్పలేదు? ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్కోసారి ఒక్కో జవాబు తోస్తుంది.

ఓబులేసు ఆ నవలను మనవరాలి చేత చదివించుకున్నాడు. అప్పటినుంచి పంట వచ్చిన ఏడు పచ్చి వేరుశనగకాయల సంచి తెచ్చి, “నీ చేతి చలవ సారూ” అని ఇచ్చిపోతాడు. ఇన్నాళ్లూ నోరు మెదపకుండా తీసుకున్నాను. ఈ ఉదయం వాన వెలిశాక మళ్లీ సంచితో వచ్చాడు. ఇక ఉండబట్టలేదు.

“ఓబులేసూ, ఆ పొద్దు వాన ఒలకబోసింది నేను కాదు.”

“తెలుసులే. నీకంత ధైర్యం యాడిది సారూ?”

“మరి ఈ చెనిక్కాయలు?”

“ఆ పుస్తకంలో పిల్లోనికి. వాడు యాడుంటాడో నాకేం తెలుసు? ఖాదర్ సారు పోయినాడు. నువ్వు ఉండావు.”

సంచి గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను గ్లాసులో వాన పోసి వంగాను. మోకాళ్లు పట్టేశాయి గానీ, నిలబడి చూడటం నాకు ఈ జన్మకు రాదు. అంకె డైరీలో రాశాను. కింద ‘చెనిక్కాయలు, ఒక సంచి’ అని రాసి, ఎవరికి వచ్చినట్టు రాయాలో తోచక, ఆ గీత ఖాళీగా వదిలేశాను.