చావు డప్పుకి చిందులు

మొన్న మా మేనల్లుడు ఫోనులో ఒక వ్యాసం చదివి వినిపించాడు. పోయినేడు కన్నుమూసిన మా అన్నయ్య, కాలేజీ రోజుల్లో పాడిన ఒకే ఒక్క పాట గురించి. పోస్ట్‌పంక్ అనే విదేశీ రాక్ బాణీలో వచ్చిన తొలి తెలుగు పాట అదేనట. గిటారు మొరటుదనాన్నీ గొంతులోని కోపాన్నీ మెచ్చుకున్న ఆ విమర్శకుడు, డప్పు దగ్గరకొచ్చేసరికి కాళ్లు నిలవనివ్వని పండుగ దరువన్నాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

అరకు దగ్గర సంత ఊళ్లో మా నాన్నకి ఉప్పూ కిరసనాయిలూ అమ్మే కొట్టుండేది. ఆ రోజుల్లో క్యాసెట్ అంటే భక్తిపాటలో సినిమాపాటలో. విశాఖలో చదివే అన్నయ్య మాత్రం ఓడల్లో పనిచేసేవాళ్లు తెచ్చిన విదేశీ క్యాసెట్లు విని, పాత గిటారొకటి సంపాదించి, మా ఊరి పైకొండని నల్లరాయి కోసం తవ్వబోతున్నారని తెలిశాక, గూడెంలో డప్పు వాయించే స్నేహితుడితో కలిసి ఆ పాట కట్టాడు. గూడెంలో చావుకి వేరే దరువుంటుంది. అది వినబడితే చేలల్లో పనివాళ్లు కొడవళ్లు పక్కనపెట్టి, పోయిందెవరని అడుగుతూ వచ్చేస్తారు. ఇద్దరూ ఆ దరువే పెట్టుకున్నారు.

సంతలో మొదటిసారి వాయించినప్పుడు గంపలతో వస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బేరాలు పోతున్నాయని మా నాన్న కొట్లోంచి ఒకటే కేకలు. స్నేహితుడి తాత కర్ర పట్టుకొచ్చి మనవడిని నిలదీశాడు.

"బతికున్న కొండకి సావు డప్పేట్రా? ఎవులు సెప్పారు నీకు?"

"సచ్చినాక వాయిత్తే దానికి ఇనబడతాదేటి, తాతా?"

ఆ ముసలాయన కర్ర పక్కనపెట్టి అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.

కొండని తవ్వేశారు. ఆ పాటని క్యాసెట్‌గా తెస్తే అమ్ముడుపోలేదు. ఆ స్నేహితుడూ అన్నయ్యకి ముందే పోయాడు. అది ఏ దరువో చెప్పడానికి నేనే మిగిలానని, ఆ ఒక్క మాటా దిద్దించాలని వ్యాసకర్తకి ఫోను చేశాను.

"బయటికొచ్చాక పాట వినేవాళ్లదే కదండీ. కుర్రాళ్లు రిసార్టుల్లో డాన్సు చేస్తున్నారంటే మీ అన్నగారు బతికున్నట్టే," అన్నాడు మర్యాదగానే.

వ్యాసం అలాగే ఉంది. కొండ ఉన్నచోట నీళ్లు నిలిచిన గొయ్యి ఉంది. పాట ఇప్పుడు చాలామందికి నచ్చుతోందట. ఆ రోజు సంతలో అది ఎవరికీ నచ్చలేదు. అర్థం కానివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.