ఏ దేవతదీ కాని పాట

బస్తరు ఇంకా రాజుగారి ఏలుబడిలో ఉన్న ఆ కాలంలో, కోంటలో మా నాయన కొట్టు ముందు కూర్చుంటే చాలు, నాలుగు భాషలు నడిచి వచ్చేవి. వచ్చిన ప్రతివాళ్లనూ “దీన్ని మీరేమంటారు?” అని అడగడమే నా పని. అలా తొమ్మిదేళ్లకే హల్బీ పట్టుబడింది. (చదువు మాత్రం పట్టుబడలేదు. ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.) సన్నాయిలాంటి వాద్యాన్ని వాళ్లు మోహరి అంటారని తెలిసిన రోజు మా ఇంట్లో అందరికీ చెప్పి విసిగించాను.

ఆ వేసవిలో అక్క పెళ్లి. శబరి నది దాటి రావలసిన సన్నాయి మేళం జ్వరాలతో మంచాన పడింది. గట్టిమేళం లేనిదే తాళి కట్టేది లేదని మగపెళ్లివారు భీష్మించారు. నాయన సంతకు వచ్చిన మోహరి వాద్యగాడిని పట్టుకొచ్చి నన్ను ముందుకు తోశాడు. “హల్బీ వచ్చని ఎగురుతవ్ గదా, చెప్పు!” చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. (ఆడపిల్లను వాళ్లు నోనీ అని పిలుస్తారు.) “నోనీ, మాకు ఒక్కో దేవతకు ఒక్కో పాట. మీ గట్టిమేళం ఏ దేవతది?” తెలియదంటే నా పరువేం కాను? “అమ్మవారిది!” అన్నాను.

పెళ్లికొడుకు తాళి ఎత్తాడు, మోహరి అమ్మవారి పాట అందుకుంది. పందిరి గుంజ దగ్గర విస్తళ్లు కుడుతున్న మా బండి తోలే హల్బీ మామ దబ్బున లేచి ఊగిపోయాడు. ఆయన వాళ్ల ఊళ్లో అమ్మవారు పూనే సిరహా అని నాకేం తెలుసు? “కోడేదీ? నా కోడేదీ?” అని గర్జన. గుడ్డు కూడా గడప దాటని కోమటి ఇల్లు మాది!

“ఏంది బావా ఇది? పెండ్లా, జాతరా?” అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. “లగ్నం దాటుతోంది!” అని పురోహితుడి కేక. అమ్మవారు శాంతించేదాకా పాట ఆపకూడదట, వాద్యగాడు బుగ్గలు పూరించి ఊదుతూనే ఉన్నాడు. చివరికి నాయనమ్మ ఒక గుమ్మడికాయ తెచ్చి ఎదుట పెట్టింది. “తల్లీ, మా ఇంట్ల ఇదే కోడి.” అమ్మవారు దాన్ని ఎగాదిగా చూసింది. “దీనికి ఈకలేవే ముసలీ?” “నీకోసమే పీకి తెచ్చిన!” అమ్మవారు పకపకా నవ్వి దిగిపోయింది.

నేను వాద్యగాడి దగ్గరికి పరుగెత్తాను. “ఏ దేవతా వద్దు! ఎవరి తుమ్మూ వినబడకుండా ఊదు, చాలు!” “ఆ మాట ముందే చెప్పొద్దా!” అని ఆయన ఊదిన ఊదుడుకు పందిరి అదిరింది. లగ్నం దాటకముందే తాళి పడింది. ఏ దేవతదీ కాని పాట ఆయన దగ్గర అదొక్కటే. మరి దానికి పేరేమిటని అడిగితే గట్టిమేళం అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుని వెళ్లిపోయాడు.

మా ఆయన పోయిన చాలా ఏళ్లకు జగదల్‌పూర్‌లో ఒక హల్బీ వాళ్ల పెళ్లికి వెళ్లాను. తలంబ్రాల వేళకు మోహరి చెవులు పగిలేలా మోగింది. ఊదిన నెరసిన తలాయనను ఇదేం పాటని అడిగాను. “గట్టిమేళం.” “ఎవరి మాట అది?” “మాదే తల్లీ. మా తాతల నాటిది. నీకు తెల్వదులే.”

తొమ్మిదేళ్లప్పుడు తెలియనిది తెలుసని చెప్పి ఇంటిల్లిపాదినీ వణికించినదాన్ని, ఆ రోజు బుద్ధిగా తలూపాను. “తెల్వదు నాయనా. ఇంకోసారి ఊదు, ఇంటా.”