రుక్కమ్మ తెచ్చిన మోటారు

పక్కింట్లో పాడి ఎనుముకు నూనె తీసిన వేరుశెనగ చెక్క నానబెట్టినట్టున్నారు. ఆ కమ్మటి వాసన కిటికీలోంచి వచ్చేసరికి చేతిలోని పేపరు కిందికి దిగింది. అందులో ఎక్కడిదో ఒక కంపెనీ వార్త. దివాలా తీసిందట, నడపడానికి ఎవరూ ముందుకు రాలేదట, మూసేసి ఆస్తులు అమ్మమని కోర్టు తీర్పు. నాకు ఒళ్ళు మండింది. ముందుకు రమ్మని ఎవరిని అడిగారయ్యా? గేటు బయట నిలబడ్డవాళ్ళను అడిగారా? ఇలా అడగడం నాకు నేర్పింది గుమ్మఘట్ట దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే రుక్కమ్మ.

అప్పట్లో రాయదుర్గం దారిలోని ఒక నూనె మిల్లు కంపెనీలో నేను గుమాస్తాను. వరసగా వానలు ఎగ్గొట్టాయి, వేరుశెనగ కాయలు మిల్లుకు చాలినన్ని రాలేదు, కంపెనీ మునిగింది. రైతులు అప్పటికే అరువు మీద తోలిన కాయల డబ్బు ఆగిపోయింది. మిల్లును మూసి అమ్మించమని బ్యాంకు హైకోర్టుకు పోయింది. అమ్మితే వచ్చేది ముందు బ్యాంకుకు, కూలీలకు. రైతుల వంతు వచ్చేసరికి మిగిలేది నాకిన గిన్నె. మా యజమాని ఇంకో దారి అడిగాడు. బాకీ రావలసినవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకుంటే మిల్లు నడుపుతూ వాయిదాల్లో తీరుస్తానన్నాడు. దాన్ని స్కీము అంటారని, అయిదో తరగతి చదువుతో, నిఘంటువు పక్కన పెట్టుకొని కోర్టు కాగితాలు చదివి తెలుసుకున్నాను. మిల్లు తిరుగుతుందో లేదో చూసి రమ్మని జడ్జిగారు ఒక లాయరును పంపుతామన్నారు. తిరగడానికి మిల్లు ఎక్కడుంది? డబ్బు రాదని తెలిసిన రోజే రైతులు గేటు తోసుకొని వచ్చి అందింది మోసుకుపోయారు. బెల్టు ఒక ఊళ్ళో, కాటా ఇంకో ఊళ్ళో. పెద్ద మోటారు రుక్కమ్మ గొర్రెల కొట్టంలో.

నేను పోయేసరికి ఆమె గొర్రెలకు నీళ్ళు పెడుతోంది.

"ఏమప్పా గుమాస్తా, దుడ్లు తెచ్చినావా?"

"లేదక్కా. మోటారు అడగను వచ్చినా."

"సిగ్గుండాదా నీకు? కాయలూ మీకే, మోటారూ మీకేనా? పోతాపోతా గొర్రెల్ని కూడా తోలుకపో!"

జడ్జిగారి మాట చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. "మిల్లు తిరిగితే దుడ్లు వస్తాయా? నిజం చెప్పు."

"వస్తాయని చెప్పలేనక్కా. మూస్తే మాత్రం రావు."

ఏడాది కష్టానికి ఆమె చేతిలో మిగిలింది ఆ మోటారు ఒక్కటే. దాని మీద ఎక్కిన గొర్రెపిల్లను అదిలించి, కప్పిన గోనెపట్టా లాగేసింది. "ఈడుంటే ఇది ఇనుమప్పా. ఆడుంటే మోటారు. నలుగుర్ని పిలువు, బండికెత్తుదాం."

కేసు పెడతారేమో, చీకటి పడ్డాక పోదామన్నాను. "పగలే ఎత్తకొచ్చినా, పగలే తీసకపోతా. దొంగను కాదు నేను" అంది.

ఊరి నడిమధ్య నుంచే బండి తోలింది. అరుగు మీంచి ఎవరో, "ఏం రుక్కమ్మా, మోటారును అత్తగారింటికి సాగనంపుతాండావా?" అని నవ్వారు. "ఔనురా, నీ ఇంట్లో బెల్టు కూడా పెండ్లికెదిగింది. దాన్నీ పంపు!" అంది రుక్కమ్మ. నవ్వినవాడే మరునాడు బెల్టు భుజాన వేసుకొని వచ్చాడు. తర్వాత కాటా, జల్లెళ్ళు, ఒక్కొక్కటీ వచ్చాయి.

కోర్టు పంపిన లాయరు కుర్రవాడు. అతని ముందు మిల్లు తిరిగింది. అందరం ఊపిరి పీల్చుకుంటుంటే, అతని వెంట వచ్చిన బ్యాంకు లాయరు, "ఇదంతా దొంగసొత్తని రాయండి, కేసు పెట్టాలి" అన్నాడు. రైతులు ఒకరి వెనక్కి ఒకరు జరిగారు. రుక్కమ్మ మాత్రం ముందుకు వచ్చింది.

"తీసకపోయింది నేనే సారూ. తెచ్చింది నేనే. రెండూ రాసుకో."

ఆ కుర్రవాడు రెండూ రాశాడు. జడ్జిగారు రెండూ చదివారు. నమ్మి మోసపోయినవాళ్ళే మళ్ళీ నమ్ముతుంటే మూసేయమనడానికి కోర్టుకు కారణం కనబడలేదని చెప్పి, స్కీముకు ఒప్పుకున్నారు. కేసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వాయిదాలు ఆలస్యంగా, రుక్కమ్మ చేత తిట్లు తిన్నాకే వచ్చాయి. కానీ వచ్చాయి.

ఆమె పోయి చాలా కాలమైంది. బతికించలేని కంపెనీలూ ఉంటాయి, మూయక తప్పని తీర్పులూ ఉంటాయి, కాదనను. కానీ పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకుంటే ఆ వార్తలో పోయినవాటి లెక్కే ఉంది. తిరిగి తేగలిగినవాళ్ళ ఊసే లేదు. చెక్క వాసన ఇంకా వస్తూనే ఉంది. పెన్సిలు వెతికి, వార్త పక్కన ఖాళీలో రాశాను: మోటారు ఎవరి కొట్టంలో ఉందో కనుక్కున్నారా?