తల్లి మాట మీద

యూసుఫ్‌గూడలోని మా చర్చిలో చాలా ఏళ్ళు ఉపదేశిగా పనిచేశాను. పిల్లలకు జపాలు నేర్పడం, మొదటి సత్ప్రసాదానికి సిద్ధం చేయడం, రిజిస్టరు రాయడం నా పని. కొత్త కుటుంబం ఏది వచ్చినా జ్ఞానస్నానం అయినట్టు పాత ఊరి చర్చి నుంచి ఉత్తరం తెమ్మనేదాన్ని. అది లేనిదే సత్ప్రసాదం లేదు. రూలంటే రూలే. మా ఆయన సినిమా సెట్లకు వడ్రంగం చేసేవాడు. కొలబద్ద తన కంటే నాకే ఎక్కువ అవసరమని ఎగతాళి చేసేవాడు.

ఎనభైల్లో సిలోన్ తమిళావిడ ఒకరు తొమ్మిదేళ్ళ కూతురితో వచ్చింది. యుద్ధం తప్పించుకుని పడవెక్కి మద్రాసు చేరి, అక్కడ ఒక సినిమావాళ్ళింట్లో వంటకు కుదిరింది. వాళ్ళు జూబ్లీహిల్స్‌కు మారితే వెంట వచ్చింది. చర్చివాళ్ళు బాగానే ఆదరించారు. దుప్పట్లిచ్చారు, పిల్లను బళ్ళో వేశారు. ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే, చర్చి పండక్కి అందరు పిల్లలతో పాటు తన పిల్లకూ సత్ప్రసాదం ఇవ్వాలని.

"జ్ఞానస్నానం ఉత్తరం ఏదీ?" అన్నాను.

"ఆ కోవెలే లేదక్కా. కాలిపోయింది." చర్చిని ఆవిడ కోవెల అనేది.

"అయితే అక్కడి బిషప్పుగారికి రాసి తెప్పించుకోండి."

మూడు నెలలు అలాగే తిప్పాను. సంగతి ఫాదర్‌గారి దాకా పోనివ్వలేదు. పిల్ల ప్రతి ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని జపాలన్నీ తప్పులేకుండా అప్పజెప్పేది.

పండగ వారంలో పడ్డాక నాకే విసుగొచ్చింది. జ్ఞానస్నానం జన్మకు ఒక్కసారే, రెండోసారి కూడదని తెలిసి కూడా, "మళ్ళీ జ్ఞానస్నానం ఇప్పించేద్దాం, పీడా పోతుంది" అనేశాను.

ఆవిడ పిల్లను దగ్గరికి లాక్కుంది.

"జ్ఞానస్నానం అప్పుడు పిల్లను మా అన్న ఎత్తుకున్నాడక్కా, జ్ఞానతండ్రిగా. తర్వాత ఆయన్ని మిలిటరీవాళ్ళు తీసుకుపోయారు. ఇప్పుడు లేడు. మళ్ళీ చేస్తే ఆయన ఎత్తుకోనట్టే కదా?"

ఇద్దర్నీ నేరుగా ఫాదర్‌గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మెదక్ వైపు మనిషి.

"కాయితం లేకుంటే తల్లి ప్రమాణం చేసి చెప్తే సరిపోతది గదమ్మా. గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చేవాడే, అడ్డం పడింది నేను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆవిడ బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. ఊరి పేరు, కోవెల పేరు, జ్ఞానతండ్రి పేరు రిజిస్టర్లో నేనే రాసి, పక్కన 'తల్లి మాట మీద' అని చేర్చాను. పండగనాడు పిల్ల ముందు వరసలో నిలబడింది.

తర్వాత వాళ్ళు విదేశం వెళ్ళిపోయారు. తొంభైల చివర్లో అక్కడి చర్చి నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లకు పెళ్ళట. జ్ఞానస్నానానికి ఆధారం ఎక్కడా దొరకలేదు, మీ దగ్గరేమైనా ఉందా అని అడిగారు. లోపల తెలుగులో పిల్ల రాసిన చీటీ ఉంది.

"టీచరమ్మా, మా మామయ్య పేరు ఇప్పుడు ఒక్క మీ పుస్తకంలోనే ఉందని అమ్మ చెప్పమంది."

రిజిస్టరు తీశాను. పేరు ఉంది. నకలు రాసి, కొత్త ఫాదర్‌గారి చేత సంతకం పెట్టించి, పోస్టాఫీసు మూసేలోపు నేనే వెళ్ళి పంపించాను. ఈసారి ఒక్క రోజు కూడా తిప్పలేదు.