వెనక్కి నడిచే కొలువు

పోలీసు చర్య తర్వాత జాగీర్లు పోయాయి, ఊళ్లలో నౌకర్ల కొలువులూ పోయాయి. అలా ఒక దొర దగ్గర నలభై ఏళ్ల కొలువు పోయి రోడ్డున పడ్డ ఒక ముసలాయనకు, ఎక్కడైనా హోటల్లో చేరేందుకు వీలుగా, మా నాన్న మారేడ్‌పల్లిలోని మా ఇంట్లోనే టీ అందించే పని నేర్పాడు. ఆయన నాన్నకు టీ వినయంగా ఇచ్చేవాడు. కానీ దొరకు వీపు చూపకూడదన్న అలవాటుతో వెనక్కి నడిచి వెళ్తూ రోజుకో కప్పు పగలగొట్టేవాడు.

"పెద్దాయనా, ఈయన ఉత్తి బడిపంతులు. వీపు చూపించండి, నేను రోజూ చూపిస్తూనే ఉన్నా," అంది అమ్మ.

"కాళ్లు ఇంటలెవ్వమ్మా. గీ పని సుత రాకుంటే ఇంటికి ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

చివరికి నాన్న ఆయన్ని కార్ఖానాలో తాళ్లు పేనే చోట చేర్చాడు. అక్కడ నార వదులుతూ రోజంతా వెనక్కే నడవాలి. మేస్త్రీ మొదటిరోజే ఆయన్ని ఉంచేసుకున్నాడు. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడు అతనికి మాత్రం ఎక్కడ దొరుకుతాడు?